నాలుగు భాషలూ ఒక్కరోజే పోయాయి

కరోనా తగ్గి వారపు సంతలు మళ్ళీ మొదలైన తొలి రోజున నాకు వచ్చిన నాలుగు భాషలూ ఒక్కసారిగా రాకుండా పోయాయి.

బస్తర్ అంచున ఉన్న మా భోపాల్‌పట్నం సంతలో నాది మిరపకాయ బజ్జీల బండి. పేరు సమ్మక్క. మా దగ్గర బజ్జీలు అమ్మాలంటే ఒక్క భాష చాలదు. ఊళ్ళో వాళ్ళు తెలుగులో అడుగుతారు, లారీ డ్రైవర్లు హిందీలో అడుగుతారు, ఇప్పపువ్వు అమ్ముకోవడానికి వచ్చిన వాళ్ళు గోండిలో, జగదల్‌పూర్ నుంచి వచ్చే బట్టల వ్యాపారులు హల్బీలో అడుగుతారు. అందరికీ వాళ్ళ వాళ్ళ మాటలో బదులిచ్చేదాన్ని. నా బండి దగ్గర జనం మూగడానికి సగం కారణం బజ్జీలు, సగం కారణం నా నోరు అని మా ఆయన రాజన్న అంటుంటాడు.

ఆ రోజు అందరూ మూతికి మాస్కులు, తువ్వాళ్ళు కట్టుకుని వచ్చారు. మొదట వచ్చినాయన ఏదో అడిగాడు. నాకు అర్థం కాలేదు. హిందీ అనుకుని హిందీలో బదులిచ్చాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. గోండిలో మాట్లాడాను. ఆయన నా ముఖంలోకి వింతగా చూసి వెళ్ళిపోయాడు. ఆయన మా వీధి చివర కిరాణా కొట్టు శెట్టిగారని, చక్కటి తెలుగులో అడిగారని రాజన్న చెప్పేదాకా తెలియలేదు. ఆ తర్వాత వచ్చిన వాళ్ళ సంగతీ అంతే. ఏ ఒక్కరి మాటా బుర్రకు ఎక్కలేదు.

"వాసన పోతదంటున్నరు, రుచి పోతదంటున్నరు. కరోనాకు మాటలు గూడ పోతయా ఏంది?" అని రాజన్నను అడిగాను.

"నీ మాటలు పోతే సంతోషమే గని, అవి యాడ పోయినయ్, పొద్దుగాల్నించి మొత్తుకుంటనే ఉన్నవ్," అన్నాడు.

అతను వేళాకోళం ఆడాడు గానీ నాకు భయం పట్టుకుంది. బజ్జీలు మాడ్చేశాను. బండి మధ్యాహ్నమే కట్టేసి సర్కారీ దవాఖానకు పోయాం. ముక్కులో పుల్ల పెట్టి చూశారు, కరోనా లేదన్నారు. మరి ఈ జబ్బేంటి?

అక్కడి డాక్టరు చిన్నవాడు, రాయ్‌పూర్ వైపు మనిషి. మాస్కు లోంచి హిందీలో ఏదో అడుగుతున్నాడు. నేను ప్రతిసారీ రాజన్న వైపు చూస్తున్నాను. రాజన్న మాస్కు ఎప్పటిలాగే గడ్డం కింద ఉంది కాబట్టి అతను తిరిగి చెప్తే నాకు తెలుస్తోంది. డాక్టరు కాసేపు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తర్వాత లేచి నా వెనక్కి వచ్చి నిలబడ్డాడు. నేను కదలకుండా కూర్చున్నాను. ఎదురుగా ఉన్న రాజన్న కళ్ళు పెద్దవయ్యాయి.

"ఏమైందయ్యా?" అన్నాను.

"నీ ఎనక నిలబడి నీ పేరు పెట్టి పిలుస్తుండు. నీకు ఇనబడ్తలేదా?"

వినబడలేదు. డాక్టరు టార్చితో చెవుల్లోకి చూసి, "దోనో కాన్ కే పర్దే మే ఛేద్ హై," అన్నాడు. రెండు చెవుల పొరలకూ చిల్లులు ఉన్నాయట, రాజన్న తిరిగి చెప్పాడు. చిన్నప్పుడు చెవులు కారేవా అని అడిగాడు. నాకు నవ్వొచ్చింది. మా వాడలో చెవి కారని పిల్లలెవరు? చలికాలం ముక్కు కారుతుంది, వానాకాలం చెవి కారుతుంది. దాన్ని ఎవరూ జబ్బు అనుకోలేదు.

"ఇన్నాళ్ళూ మీరు చెవులతో వినలేదు, పెదవులు చూసి అర్థం చేసుకుంటున్నారు," అన్నాడు డాక్టరు. నమ్మబుద్ధి కాలేదు. నాలుగు భాషలు వచ్చిన మనిషిని చెవిటిదంటాడేమిటి?

ఇంటికి వచ్చి ఆలోచిస్తే ఒక్కొక్కటే ముడి వీడినట్టు వీడింది.

మాది మద్దేడ్ పక్కన చిన్న పల్లె. అమ్మా నాన్నా కూలీలు. వరి కోతలు అయిపోగానే కూలీలను కుదిర్చే మేస్త్రీ ట్రాక్టర్ పంపేవాడు. ఊరిలో సగం మంది పిల్లాపాపలతో గోదావరి దాటి ఏటూరునాగారం వైపు మిర్చి తోటలకు పోయేవాళ్ళం. ఎండలు ముదిరేదాకా అక్కడే, చేను గట్టున ప్లాస్టిక్ కవరు కప్పిన గుడిసెలో. పొద్దస్తమానం మిరపకాయలు ఏరి, సాయంత్రం మోటారు గొట్టం కింద స్నానం చేసేవాళ్ళం. గొట్టం కింద తలపెట్టి ఎవరు ఎక్కువసేపు ఉంటారని పిల్లలం పోటీ పడేవాళ్ళం. నేనే గెలిచేదాన్ని. నీళ్ళు చెవుల్లోకి పోయేవి, చీము పట్టేది. మా అవ్వ వెల్లుల్లి వేసి కాచిన నూనె చుక్కలుగా పోసేది. కారం చేతులతోనే పోసేది కాబట్టి నేను వేసే కేకకు పక్క గుడిసెల వాళ్ళు లేచి వచ్చేవాళ్ళు. పాపం, అవ్వకు తెలిసిన వైద్యం అది. దవాఖాన ఎంత దూరమో, కూలి వదిలి పోతే ఏమవుతుందో ఆమెకు బాగా తెలుసు.

తిరిగి వచ్చేసరికి మా హిందీ బడిలో ఏడాది చదువు దాదాపు అయిపోయేది. ఆలస్యంగా వచ్చిన వాళ్ళకు చోటు వెనక వరసలో. గురూజీ మంచి మనిషి, ఎవరినీ కొట్టేవాడు కాదు. కానీ బోర్డు వైపు తిరిగి రాస్తూ పాఠం చెప్పేవాడు. ఏదైనా అడిగితే నేను పక్కపిల్లల ముఖాలు చూసేదాన్ని. "ఇస్‌కో హిందీ నహీ ఆతీ," అనేవాడు. తెలుగు పిల్ల, హిందీ రాదు, పాపం అని వదిలేసేవాడు.

ఇంట్లో పిలిచినా పలక్కపోతే అవ్వ, "హిందీ బడికి పోయి మన మాట మర్చిపోయింది," అనేది. మిర్చి తోటలో మేస్త్రీ, "బస్తర్ పిల్ల గదా, మన తెలుగు దానికి అందదు," అనేవాడు. గోండి వాళ్ళేమో తెలుగు పిల్ల అని ఊరుకునేవారు. ఇదీ మా సరిహద్దు ఊళ్ళ తమాషా. ఒకే భాష ఉన్న చోట పుట్టి ఉంటే ఈ పిల్లకు చెవుడని ఎవరో ఒకరు కనిపెట్టేవారు. ఇక్కడ అందరూ నాకు ఇంకో భాష వచ్చనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను. భాష అంటే ఎదుటివాళ్ళ నోరు చూసి పట్టుకునేదే అనుకుని, పట్టుదలగా నాలుగు రకాల నోళ్ళూ నేర్చుకున్నాను.

నా తరగతిలోనే రమ అని శెట్టిగారి అమ్మాయి ఉండేది. బజ్జీల బండి దగ్గర నేను గోండిలో పలకరించిన శెట్టిగారే ఆమె నాన్న. అప్పట్లో మద్దేడ్‌లో వాళ్ళకు కొట్టు ఉండేది. ఒక వానాకాలం రమకూ చెవి కారింది. వాళ్ళ నాన్న బస్సెక్కించి జగదల్‌పూర్ తీసుకుపోయాడు. కొన్నాళ్ళు చెవిలో దూదితో, మందు వాసనతో బడికి వచ్చింది. తర్వాత మామూలైపోయింది. నేను ఐదో తరగతితో ఆగిపోయాను. ఆమె వరంగల్ హాస్టల్లో ఉండి చదివి, తెలుగు రాయడం కూడా నేర్చుకుని, ఇప్పుడు మా భోపాల్‌పట్నం బడిలోనే టీచరు. ఇద్దరికీ ఒకే చెవి జబ్బు. ఆమె బస్సెక్కింది, నేను ట్రాక్టరెక్కాను, అంతే తేడా. నాకు ఆమె మీద కోపం లేదు. కోపం వస్తే ట్రాక్టరు మీద రావాలి.

పెళ్ళయ్యాక అంగన్‌వాడీలో సహాయిక పని అడగడానికి పోయాను. అధికారి కాగితాల్లోకి తలవంచి ప్రశ్నలు అడిగాడు. తల ఎత్తి అడిగి ఉంటే చెప్పేదాన్ని. హిందీ రాదని పంపేశారు. అలా బజ్జీల బండికి వచ్చాను. బజ్జీల దగ్గర ఒక సుఖం ఉంది. నోటితో అడిగినా అడక్కపోయినా వేలితో చూపిస్తారు.

ఇక వైద్యం సంగతి. జగదల్‌పూర్‌లో పెద్దాసుపత్రికి రాశారు. మా ఊరి నుంచి బస్సు పొద్దున బయలుదేరితే దాదాపు రోజంతా పడుతుంది. అక్కడ ఆడియోమెట్రీ అన్నారు, అంటే వినికిడి పరీక్ష. ఊపిరాడని చిన్న గదిలో కూర్చోబెట్టి చెవులకు డబ్బాలు తగిలించారు. బీప్ అని వినిపిస్తే వేలు ఎత్తమన్నారు. ఎదురుగా అద్దం, అద్దం అవతల మీట నొక్కే అబ్బాయి. నేను టకటకా వేళ్ళు ఎత్తేశాను. అబ్బాయి కాగితం చూసుకుని తికమక పడ్డాడు. చెవులకు చిల్లులున్న మనిషికి ఇంత బాగా ఎలా వినిపిస్తోంది? మళ్ళీ చేశాడు. మళ్ళీ ఎత్తాను. అప్పుడు అతనికి అర్థమై పకపకా నవ్వాడు. నేను బీప్ వినడం లేదు, అతని భుజం కదలడం చూసి వేలు ఎత్తుతున్నాను. కావాలని చేసింది కాదు, పుట్టి బుద్ధెరిగాక నేర్చిన పద్ధతే అది. కుర్చీని గోడ వైపు తిప్పేశాడు. గోడ వైపు తిరిగాక నా వేలు లేవలేదు. ఆ గోడనే చూస్తూ కూర్చున్నాను. అప్పుడు మాత్రం దుఃఖం వచ్చింది.

సీటీ స్కాన్ కూడా చేశాక ఈఎన్‌టీ డాక్టరమ్మ వివరంగా చెప్పింది. ఎడమ చెవి బాగా పాడైంది, నరం కూడా కొంత దెబ్బతింది. కుడి చెవిది పొర ఒక్కటే. టింపనోప్లాస్టీ చేస్తారు, అంటే చెవి పైనుంచి చిన్న పొర తీసి చిల్లుకు అతుకు వేస్తారు. ముందు బాగా పాడైన చెవికి చేస్తారట. అయితే చెవి పూర్తిగా ఎండాలి. ఎండడమే కష్టమైంది. వానాకాలం మా వైపు బట్టలే ఎండవు, చెవి ఎక్కడ ఎండుతుంది? రెండుసార్లు అంతదూరం పోయి, తడి ఉందని తిరిగి వచ్చాం. రాజన్న పికప్ బండి కిరాయిలు వదులుకుని నాతో వచ్చాడు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు, దారి పొడుగునా నన్ను వెక్కిరించడం తప్ప.

శీతాకాలంలో ఎడమ చెవి ఆపరేషన్ అయింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ జాగ్రత్తలు చెప్పింది. తలకు నీళ్ళు తగలకూడదు, ముక్కు చీదకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి. మిరపకాయల బండి నడిపే మనిషికి తుమ్ముల గురించి చెప్పడమంటే చేపకు నీళ్ళు తగలొద్దని చెప్పినట్టే. కొన్నాళ్ళు బండి రాజన్నే నడిపాడు. ఆయన చేసిన బజ్జీల గురించి జనం ఇప్పటికీ చెప్పుకుంటారు, మంచిగా కాదు.

ఇంత జాగ్రత్త పడినా చెవి మళ్ళీ కారింది. జగదల్‌పూర్ పోతే, "గ్రాఫ్ట్ పట్టలేదు," అంది డాక్టరమ్మ. నేను తల దించుకున్నాను. ఆమె నా గడ్డం పట్టి పైకెత్తి, మాస్కు కిందికి లాగి, నాకు కనబడేలా మెల్లగా చెప్పింది. "కొందరికి పట్టదు. ఇందులో మీ తప్పు ఏమీ లేదు."

ఆ మాటకు ఏడ్చాను. అతుకు పట్టనందుకు కాదు. ఏదైనా అందకపోతే తప్పు నాదేనని చిన్నప్పటి నుంచీ అనుకుంటూ వచ్చాను. హిందీ రాకపోవడం నా మొద్దుతనం, తెలుగు మర్చిపోవడం నా పొగరు. తప్పు లేదని ముఖం చూసి చెప్పిన మొదటి మనిషి ఆమె.

మరుసటేడు కుడి చెవికి చేశారు. అది పట్టింది. ఎడమ చెవికి హియరింగ్ ఎయిడ్ ఇచ్చారు. కట్టు విప్పి కొన్నాళ్ళు గడిచాక ఒకరోజు బండి దగ్గర ఎవరో చప్పట్లు కొడుతున్నారనుకుని చుట్టూ చూశాను. ఎవరూ లేరు. బాణలిలో బజ్జీలు వేగుతున్నాయి. నూనె అంత గోల చేస్తుందని నాకు తెలియదు. ఇన్నేళ్ళూ రంగు చూసి తీసేదాన్ని. ఆ రోజు ఎన్ని బజ్జీలు వేయించానో, ఆ చప్పుడు కోసమే.

ఆ తర్వాత ప్రపంచమంతా గోలే. కోడి గోల, కుక్కర్ గోల, బస్సులో పాటల గోల. అన్నిటికన్నా మా ఇంటి గోల. నా కోసం ఇన్నేళ్ళుగా మా ఇంట్లో అందరూ అరుస్తూనే మాట్లాడేవారు. "ఇగ చాలు, మెల్లగ మాట్లాడుండ్రి, నాకు ఇనబడ్తది," అని ఆర్డరు వేశాను. ఇంట్లో గొంతులు తగ్గాయి. టీవీ కూడా తగ్గించాను. మహా గర్వంగా ఉండేది.

అప్పటి నుంచే మా అమ్మాయి దివ్య మొండికేయడం మొదలుపెట్టింది. మూడో తరగతి పిల్ల. అన్నానికి పిలిస్తే రాదు. నీళ్ళు తెమ్మంటే ఊరికే చూస్తుంది. టీవీకి మూతి ఆనించి కూర్చుంటుంది. "అమ్మ చెవులు బాగైనయని దీనికి తల పొగరు పెరిగింది," అన్నాడు రాజన్న. నేనూ రెండు మాటలు అన్నాను.

కొద్ది రోజులకు బడిలో తల్లిదండ్రులను పిలిచారు. దివ్య టీచరు రమే. చిన్ననాటి స్నేహితురాలు కాబట్టి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, తల దించి పిల్లల కాపీ పుస్తకాలు సర్దుకుంటూ అంది. "సమ్మక్కా, దివ్య తెలివిగల్లదే. గని దానికి హిందీ వస్తలేదు. ఇంట్ల జర హిందీల మాట్లాడుండ్రి. ఈ ఏడు మళ్ళ ఇదే క్లాసుల కూసోబెడితే మంచిదేమో."

ఆమె పెదవులు నాకు కనబడలేదు. ఆ మాట చెవులతోనే విన్నాను. గురూజీ పెదవుల మీద చూసిన మాట, ఇప్పుడు నా పిల్ల మీద, కొత్తగా బాగైన నా చెవిలోనే పడింది.

దివ్య వరండాలో అటు తిరిగి నిలబడి, మైదానంలో ఆడుతున్న పిల్లలను చూస్తోంది. నేను లేచి వెళ్ళి ఆమె వెనక నిలబడ్డాను. డాక్టరు నా వెనక నిలబడ్డట్టే. మెల్లగా, మా ఇంటి తెలుగులో అన్నాను. "దివ్యా, బజ్జీ తింటవా?"

బజ్జీ అంటే నిద్రలో నుంచి లేచి వచ్చే పిల్ల. కదల్లేదు.

"నువ్వు హిందీల పిలువు రమా," అన్నాను. రమ వచ్చి హిందీలో పిలిచింది. దివ్య పలకలేదు. భోజనం వండే దీదీ గోండిలో పిలిచింది. పలకలేదు. అప్పుడు నేను మా పాత ఇంటి గొంతుతో, చెవుల ఆపరేషన్‌కు ముందు మా ఇంట్లో మోగే గొంతుతో అరిచాను. దివ్య చటుక్కున తిరిగి, "ఆఁ, ఏంది అమ్మా?" అంది నవ్వుతూ.

రమ గోడకు ఆనుకుంది. "దానికి ఏ భాష గూడ ఇనబడ్తలేదు," అంది. "నాకు చెవి కారింది చూడు సమ్మక్కా. నాయిన తోల్కపోకుంటే?" అని నా చెయ్యి పట్టుకుంది. నా జవాబు బజ్జీల బండి రూపంలో సంతలో ఉండనే ఉంది.

మా ఇల్లంతా అరుపులు కాబట్టి పిల్లకు లోటు తెలియలేదు. నాకు చెవులు బాగై ఇల్లు నెమ్మదించాక, దివ్యకు మాటలు అందకుండా పోయాయి. ఆమె చెవి కారలేదు కూడా, మేం గుర్తుపట్టడానికి. జగదల్‌పూర్‌కు తీసుకుపోయాం, రమ కూడా సెలవు పెట్టి వచ్చింది. ఆడియోమెట్రీ అబ్బాయి అతనే. నన్ను చూడగానే నవ్వి, ఎవరూ చెప్పకుండానే దివ్య కుర్చీని గోడ వైపు తిప్పాడు.

పొరకు చిల్లు లేదు, పొర వెనక నీరు చేరిందని చెప్పింది డాక్టరమ్మ. తరచూ జలుబు చేస్తుందా, ఇంట్లో పొగ ఉంటుందా అని అడిగింది. పుట్టినప్పటి నుంచీ ఆ పిల్ల పెరిగింది నా కట్టెల పొయ్యి పక్కనే. నేను మిరపకాయల మధ్య పెరిగితే, ఆమె బజ్జీల పొగలో పెరిగింది. "వదిలేస్తే కొన్నేళ్ళకు మీలాగే అయ్యేది. ఇప్పుడు చేయాల్సింది చిన్న పనే," అంది. మొదట మందులు ఇచ్చి చూశారు. నీరు పోలేదు. గ్రోమెట్ అని బియ్యపు గింజంత గొట్టం పెట్టి ఆ నీరు తీసేశారు. కొన్ని నెలలకు ఆ గొట్టం దానంతట అదే రాలిపోయింది. మళ్ళీ టెస్టు చేస్తే నార్మల్ అని రాశారు. ఆ ఏడు దివ్యను అదే తరగతిలో కూర్చోబెట్టలేదు. ముందు వరసలో కూర్చోబెట్టారు.

ఇప్పుడు బండికి గ్యాస్ పొయ్యి వచ్చింది. నా కుడి చెవి నిలకడగా ఉంది. ఎడమ చెవి మిషన్ బ్యాటరీ అయిపోతే కూతలు పెడుతుంది, అప్పుడు రాజన్న గురకకు మంచి జోడీ. దివ్యకు ఇంగ్లీషు కూడా మొదలైంది. "అట్ల మొత్తుకోకే అమ్మా, నాకు ఇనబడ్తది," అని నన్నే కసురుతుంది. నేను హిందీలో చేసే తప్పులన్నీ దిద్దుతుంది. పెదవులు చూసి నేర్చిన హిందీ కదా, తప్పులు ఉండవా మరి.

చదివే మీకు నేను చెప్పేది ఒక్కటే. మీ పిల్లకు, మీ మనవడికి, మీ బడిలో పిల్లకు ఫలానా భాష రావడం లేదని అనే ముందు, వాళ్ళ వెనక నిలబడి, వాళ్ళకు ఇంట్లో అలవాటైన మాటలో, వాళ్ళకు ఇష్టమైనది ఏదైనా తింటావా అని మెల్లగా అడగండి. తిరిగి చూడకపోతే పిల్లను తిట్టకండి, చెవుల డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. చెవిలో నూనె మాత్రం పోయకండి. నూనె నా బాణలిలో ఉంటే చాలు.

నాకు తెలుగు రాయడం రాదు. ఇదంతా నేను చెబుతుంటే రమ రాసింది. నిన్న సంతలో బండి వెనక స్టూలు వేసుకుని నాకు చదివి వినిపించింది. నేను బాణలి వైపు తిరిగి బజ్జీలు తీస్తూ విన్నాను. బడిలో తను అన్న మాటల దగ్గరికి వచ్చేసరికి ఆమె గొంతు తగ్గించి, ఒక వాక్యం మింగేసి ముందుకు పోయింది.

"హిందీ వస్తలేదన్న ముక్క సదువలేదేంది రమా?" అన్నాను, వెనక్కి తిరగకుండానే.

నూనె చప్పుడు మధ్య వెనక నుంచి కాగితం తిప్పిన చప్పుడు వినిపించింది. తర్వాత రమ నవ్వుతూ ఆ వాక్యం కూడా చదివింది.